తవుడు నేర్పిన పాఠము

(మండల వ్యవసాయాధికారి, నరసన్నపేట)

పోయిన ఖరీఫులో ఊడ్పులు ముగిసిన కొన్నాళ్లకు, నరసన్నపేటకు దగ్గరలోనున్న ఒక గ్రామములో వరిపైరు ఆకులపై తుప్పు మచ్చలు వచ్చినవని కబురు రాగా చూడబోయితిని. పైరు చూచి గట్టెక్కిన తరువాత, ఆ మడి గల పెద్దాయన సంచిలోనుండి ఒక డబ్బా తీసి నా చేతిలో పెట్టెను.

"బాబూ, మీరు సదువుకున్నోరు. ఈ పొడి పాలల్లో కలిపి తాగితే మా కోడలికి రగతం పడతాదని సెప్పినారు. ఆరొందలెట్టి కొన్నాను. నిజిమేనా?" అని అడిగెను.

కోడలికి అయిదవ నెల. ఆరోగ్య కార్యకర్త యిచ్చిన ఎఱ్ఱ మాత్రలు ఏమైనవని అడిగితిని. "వికారమొస్తందని కిటికీలో ఎట్టీసినాది బాబూ" అనెను.

నేను వైద్యుడను కాను. అయినను ఆ ప్రశ్నకు జవాబు చెప్పు పద్ధతి మన వృత్తిలోనే యున్నది. విత్తనమో, ఎరువో, మందో పనిచేసినదా లేదా యని తేల్చుకొనుటకు మనము అనుసరించు దారినే, తిండి విషయములోను శాస్త్రజ్ఞులు అనుసరించుదురు. ఆ దారిని మొదట వేసినవారి కథలో మన తీరము పేరు కూడ వ్రాసియున్నది. దానిని రైతు సోదరులకును, గ్రామోద్యోగులకును వివరించుటకే ఈ వ్యాసము.

మందు వేసిన మడి – వేయని మడి

ఒక రైతు కొత్త ఎరువు వేసెను. ఆ యేడు పంట బాగుగా పండెను. ఇది ఎరువు మహిమ యని చెప్పవచ్చునా? చెప్పరాదు. ఆ యేడు వంశధార కాలువకు నీరు సకాలములో వచ్చియుండవచ్చును. విత్తనము మారియుండవచ్చును. కావుననే పరిశోధనా స్థానములలో ఒకే పొలమును చిన్న మడులుగా విడదీసి, కొన్నింటికి ఎరువు వేసి, కొన్నింటిని వేయక విడిచి, మిగిలిన పనులన్నియు సమానముగా జరిపింతురు. రాగోలు స్థానమునుండి 'శ్రీకాకుళం సన్నాలు' వంటి రకము మనకు వచ్చినదన్నను, దానిని ఇతర రకముల ప్రక్కన వేసి పోల్చి చూచిన పిమ్మటనే వచ్చినది.

తిండిలోను ఇంతియే. టానిక్కు త్రాగినవాడు నెల రోజులలో కోలుకొనెననుకొనుడు. త్రాగకున్నను కోలుకొనెడివాడేమో? డబ్బా కొనగల ఇంటిలో గ్రుడ్డు, పాలు, పప్పు కూడ ఎక్కువగా నుండవచ్చును గదా? త్రాగనివారిని ప్రక్కన పెట్టి చూడనిదే ఈ సంగతి తేలదు.

మన తీరమున నొక వ్యాధి

ఉత్తర సర్కారులనబడిన మన కోస్తాకు వైద్య చరిత్రలో ఒక చెడ్డ ప్రసిద్ధి కలదు. కాళ్లు తిమ్మిరెక్కి, పిక్కలలో బలము పోయి, ఒళ్లు నీరుపట్టి, చివరకు గుండె ఆగిపోవు 'బెరిబెరి' వ్యాధి ఇచ్చట స్థిరపడియుండెను. 1835లో మాల్కంసన్ అను వైద్యుడు ఈ ప్రాంతపు సిపాయిలలో చూచిన ఈ వ్యాధిని గురించి ఒక గ్రంథమునే వ్రాసెను. కారణము మాత్రము ఆనాడు ఎవరికిని తెలియదు. గాలి చెడ్డదనిరి, నేల తేమ అనిరి, ఏదో విషమనిరి.

తరువాత నూరేండ్లకు, 1930 – 40 మధ్య, కూనూరులోని పోషకాహార పరిశోధనాలయమునకు డైరెక్టరుగా నున్న ఎయిక్రాయిడ్, ఆయన సహచరులు మద్రాసు రాష్ట్రమందలి బియ్యపు సమస్యను పరిశీలించి 1940లో నివేదిక ప్రకటించిరి. రాష్ట్రమంతటను జనులు బియ్యమే తినుచున్నను, బెరిబెరి మాత్రము ఉత్తర సర్కారుల తీరమునకే పరిమితమై కనిపించెను. తేడా యెక్కడనున్నది? దక్షిణ జిల్లాలవారు వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి ఆడించిన ఉప్పుడు బియ్యము తినుచుండిరి. మన వైపువారు పచ్చి వడ్లను మరలో పట్టించి, తెల్లగా పాలిష్ చేసిన బియ్యము తినుచుండిరి.

ఇందు మిక్కిలి దుఃఖకరమైన సంగతి పసిబిడ్డలది. తెల్ల బియ్యమే ఆధారముగా బ్రతికిన తల్లి పాలలో ఆ సత్తువ లోపించెడిది. చూడ బొద్దుగా నున్న బిడ్డ, రెండు నుండి అయిదు నెలల వయసులో, హఠాత్తుగా ఆయాసపడి, గొంతు పోయి, గంటలలో మరణించెడిది. తల్లి పాలకు లోటు లేదు. ఇంటిలో గింజలకు లోటు లేదు. లోటు ఆ గింజ పైపొరలో నుండెను. ఆ పొరను మనము తవుడని పశువులకు పెట్టుచుంటిమి.

సరి బేసి పంక్తులు

దోషము బియ్యములో నున్నదని ఎట్లు తేలినది? మొదటి సూచన జావా దీవిలో దొరికెను. 1890 ప్రాంతమున అచ్చట పనిచేసిన డచ్చి వైద్యుడు ఐక్‌మన్, పాలిష్ బియ్యపు అన్నము తినిన కోళ్లు కాళ్లు పడిపోయి కూలుటయు, ముడి బియ్యము పెట్టగా తేరుకొనుటయు గమనించెను. ఈ కృషికి 1929లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

కోళ్ల సంగతి మనుష్యులకు వర్తించునా యను ప్రశ్నకు జవాబు మలయాలో దొరికినది. 1905 – 06లో ఫ్లెచర్ అను వైద్యుడు కౌలాలంపూరు మానసిక చికిత్సాలయములోని రోగులను వరుసగా నిలబెట్టి అంకెలు చెప్పించెను. బేసి అంకెలవారిని ఒక వసతికి, సరి అంకెలవారిని మరియొక వసతికి పంపెను. రెండు జట్లును ఇంచుమించు 120 మంది చొప్పున నుండిరి. ఒక జట్టుకు పచ్చి పాలిష్ బియ్యము. రెండవ జట్టుకు ఉప్పుడు బియ్యము. మిగిలిన కూరనారలన్నియు ఒక్కటే. స్థల దోషమేమో యను సందేహము తీరుటకు, కొన్ని నెలల తరువాత రెండు జట్లను ఒకరి వసతిలోనికి ఒకరిని మార్చెను.

ఏడాది చివరకు పచ్చి పాలిష్ బియ్యము తిన్నవారిలో 18 మంది బెరిబెరితో మరణించిరి. ఉప్పుడు బియ్యము తిన్నవారిలో ఆ వ్యాధివలన ఒక్కరును మరణించలేదు.

ఫ్లెచర్ సైతము మొదట బియ్యమునే దోషిగా నమ్మినవాడు కాదు. లెక్క చూచి అభిప్రాయము మార్చుకొనెను. మనమును అట్లే చేయవలెను.

తవుడులోని ఆ సత్తువయే నేడు 'థయమిన్' లేక 'బి–1 విటమిను' అనబడుచున్నది. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారము 100 గ్రాములలో అది ఈ విధముగా నున్నది:

దంపుడు పచ్చి బియ్యము – 0.21 మిల్లీగ్రాములు
మరలో ఆడించిన పచ్చి బియ్యము – 0.06 మిల్లీగ్రాములు
మరలో ఆడించిన ఉప్పుడు బియ్యము – 0.21 మిల్లీగ్రాములు
తవుడు – 2.70 మిల్లీగ్రాములు

పెద్దవారికి దినమునకు ఒక మిల్లీగ్రామునకు పైగా కావలెను. అర కిలో బియ్యము తినువానికి దంపుడు బియ్యమువలన 1.05 మిల్లీగ్రాములు, తెల్ల బియ్యమువలన 0.30 మిల్లీగ్రాములు మాత్రమే వచ్చును. అందులోను కడుగు నీటితో కొంత, గంజి వార్చుటవలన కొంత పోవును. ఉప్పుడు బియ్యమును మరలో ఆడించినను సత్తువ పోకుండుటకు కారణమేమన, వడ్లను నానబెట్టి ఉడికించునపుడు నీటిలో కరగు ఈ పదార్థము పైపొరనుండి గింజ లోపలికి ఇంకిపోవును.

నెల్లూరు, భీమవరము

ఈ థయమినును విడదీసి దాని నిర్మాణము కనుగొని, 1936లో రసాయనశాలలో తయారుచేసిన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ విలియమ్స్. ఆయన 1886లో మన నెల్లూరులో, క్రైస్తవ మిషనరీల ఇంట పుట్టినవాడు. ఫిలిప్పీన్సులోని మనీలాలో ఉద్యోగము చేయుచు, తవుడు సారపు చుక్కలతో బెరిబెరి శిశువులు తేరుకొనుట చూచి, 1910 ప్రాంతమున మొదలుపెట్టిన వెదకులాట అది. ముగియుటకు ఇరువదియైదేండ్లు పట్టినది.

రెండవవారు మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరములో పుట్టి, అమెరికాలో పనిచేసిరి. వారి నాయకత్వమున లెడర్లీ పరిశోధనాలయములో తయారైన ఫోలిక్ ఆమ్లపు వార్త 1945లో వెలువడినది. ఒకరకపు రక్తహీనతకు అది మందైనది. ఇంకను పెద్ద ప్రయోజనము 1991లో తేలినది. అంతకుముందు వెన్నెముక లోపముతో బిడ్డను కన్న 1,817 మంది స్త్రీలను ఏడు దేశములలో జట్లుగా విడదీసి, కొందరికి గర్భము రాకముందునుండియే ఫోలిక్ ఆమ్లము నిచ్చి, కొందరికి ఇయ్యక చూచిరి. ఇచ్చినవారిలో ఆ లోపము తిరిగి వచ్చుట నూటికి 72 పాళ్లు తగ్గినది. ఆరోగ్య కార్యకర్త ఇచ్చు ఎఱ్ఱ మాత్రలో ఇనుముతో పాటు ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. కిటికీలో పడియున్నది అది.

లోపమున్న మడికే మందు

ఇంతవరకు చదివి, అయితే విటమిను ఏదైనను, ఎవరు మ్రింగినను మేలేయని తలచరాదు. జింకు లోపించిన మడికి జింకు సల్ఫేటు వేసిన పైరు తేరుకొనును. లోపము లేని మడికి వేసిన డబ్బు నీటిపాలు. మితిమీరి వేసిన నేలకే చేటు. మనిషి శరీరమును ఇట్టిదే.

విటమిను 'ఎ' సంగతి చూడుడు. ఇది లోపించిన పిల్లలకు రేచీకటి వచ్చి, ముదిరినచో కన్నులు పోవును. హైదరాబాదులోని పోషకాహార శాస్త్రజ్ఞుల పరిశోధనల ఆధారముగా 1970లో దేశములో పిల్లలకు ఈ విటమిను పెద్ద మోతాదులలో త్రాగించు పథకము మొదలైనది. చూపు కాపాడుటలో దాని మేలు నిశ్చయము. అది మరణములను కూడ తగ్గించునా యను ప్రశ్నపై 1990లో రెండు పరీక్షల ఫలితములు వెలువడినవి. తమిళనాడులో వారమునకొకసారి చిన్న మోతాదు ఇచ్చిన పిల్లలలో మరణములు సగమునకు పైగా తగ్గినవి. హైదరాబాదు సమీప గ్రామములలో సుమారు 15 వేల మంది పిల్లలపై ఆరు నెలలకొకసారి పెద్ద మోతాదుతో జరిపిన పరీక్షలో చెప్పదగిన తేడా కనిపించలేదు. తరువాత అనేక దేశముల పరీక్షలను కలిపి చూచిన సమీక్షలో సుమారు 12 శాతము తగ్గుదల తేలినది.

ఇందులో వింత లేదు. ఒకే ఎరువు రాగోలులో ఒక రీతిగా, అనంతపురములో మరొక రీతిగా ఫలమిచ్చును. నేలలోని లోపము, మోతాదు, వేయు తరుణము, తక్కిన పోషణ – ఇవన్నియు కలిసి ఫలమును నిర్ణయించును. అందుచేతనే ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరాదు.

మితిమీరినచో ఏమగునో ఫిన్లాండు దేశము చూపినది. కూరగాయలు, పండ్లు ఎక్కువగా తినువారికి ఊపిరితిత్తుల కాన్సరు తక్కువని చూచి, వానిలోని పసుపుపచ్చ పదార్థమగు బీటా–కెరోటిను మాత్రలుగా ఇచ్చిన మేలగునని తలచిరి. పొగ త్రాగు 29,133 మంది పురుషులపై అయిదు మొదలు ఎనిమిదేండ్లు పరీక్షించిరి. 1994లో లెక్క చూడగా, మాత్ర మ్రింగినవారిలో ఊపిరితిత్తుల కాన్సరు తగ్గుట యటుంచి 18 శాతము పెరిగినది. గుమ్మడి, మునగాకు తినుట వేరు. వానిలోని ఒక్క పదార్థమును పిండి మాత్రచేసి, చుట్ట మానని వానికి మ్రింగించుట వేరు.

డబ్బా మీద అచ్చును చదువుడు

ఎరువు బస్తాపై అంకెలు చూడక ఏ రైతును కొనడు. డి.ఏ.పి. అనగా నత్రజని 18, భాస్వరము 46 అని చిన్నపిల్లవాడును చెప్పును. తినెడి డబ్బామీద కూడ ఇట్టి పట్టికయే ఉండును. గట్టుమీద పెద్దాయన ఇచ్చిన డబ్బాను ఆ రీతిగానే చదివితిని. 100 గ్రాములలో మాంసకృత్తులు 7 గ్రాములు. చక్కెర 30 గ్రాములకు పైన. ఒక మోతాదులో ఇనుము 5 మిల్లీగ్రాములు.

గర్భిణికి దినమునకు 27 మిల్లీగ్రాముల ఇనుము కావలెనని పోషకాహార సంస్థ నిర్ణయించినది. ఎఱ్ఱ మాత్ర ఒక్కదానిలో 60 మిల్లీగ్రాములున్నవి. అనగా ఆ మాత్రలోని యినుము కావలెనన్న ఆ పొడిని దినమునకు పండ్రెండుసార్లు త్రాగవలెను. ఇక మాంసకృత్తుల కొరకైనచో, కిలో పెసరపప్పులో సుమారు 240 గ్రాములుండును. డబ్బాలోని అర కిలో పొడిలో 35 గ్రాములు. డబ్బా వెలకు ఎన్ని కిలోల పప్పు వచ్చునో ఇంటి ఇల్లాలు నాకన్న బాగుగా చెప్పగలదు.

'ఆరోగ్య పానీయము' అను మాటకు ఆహార చట్టములో నిర్వచనమే లేదని తెలిపి, అట్టి పానీయములను ఆ పేరు క్రింద అమ్మరాదని 2024 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వము ఆన్‌లైను వర్తక సంస్థలను కోరినది. అదే సంవత్సరము మే నెలలో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన ఆహార సూత్రములు, కండ పెంచుకొనుటకని మాంసకృత్తుల పొడులు వాడవద్దని చెప్పినవి.

అట్లని ఇంటి తిండియే సర్వరోగ నివారణ యని చెప్పుటయు తప్పే. 100 గ్రాముల చోళ్లలో 344 మిల్లీగ్రాముల సున్నము కలదు. తెల్ల బియ్యములో 10 మాత్రమే. కనుక ఎదుగు పిల్లలకు చోడి అంబలి చాల మంచిది. కాని చోళ్లలోని యినుములో చాల భాగము ఒంటికి పట్టదు; గింజలోని ఇతర పదార్థములు దానిని అడ్డగించును. అంబలి త్రాగుచున్నాము గదా, మాత్ర యెందుకని గర్భిణి మానరాదు. 2019 – 21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రమున 15 – 49 ఏండ్ల స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. లోపము ఇంతగా కన్పట్టుచుండగా మందు మానుట, జింకు లోపముతో ఆకులు తుప్పుపట్టిన మడిని చూచుచు ఊరకుండుట వంటిది.

ఆచరించవలసినవి

1. ఉప్పుడు బియ్యముగాని, ఒక పట్టు మాత్రమే పట్టిన బియ్యముగాని వాడుడు. తవుడులో నూనె యుండుటచే దంపుడు బియ్యము త్వరగా ముక్కవాసన పట్టును. కావున పదునైదు దినములకు సరిపడినంతయే ఆడించుకొనుడు.

2. బియ్యమును పలుమార్లు గట్టిగా రుద్ది కడుగవద్దు. అత్తెసరు వండుట మేలు. గంజి వార్చినచో పారబోయక త్రాగుడు.

3. నేడు బెరిబెరి అరుదైనది. పప్పు, కూర, గ్రుడ్డు, చేప కంచములోనికి వచ్చుటయే దానికి ఒక ముఖ్య కారణము. కావున వరి కోసిన మడిలో మినుము, పెసర వేయు అలవాటు మానవద్దు. అమ్మకమునకే కాక ఇంటికిని కొంత ఉంచుకొనుడు.

4. పెరటిలో మునగ, తోటకూర, బొప్పాయి, నిమ్మ ఉండవలెను. ఆకుకూరపై నిమ్మరసము పిండుకొన్న, అందులోని యినుము బాగుగా పట్టును. అన్నము తిన్న వెంటనే టీ త్రాగుట దానికి అడ్డు.

5. గర్భిణులు నాలుగవ నెలనుండి 180 దినములు ఇనుము–ఫోలిక్ ఆమ్లపు మాత్ర వాడవలెను. వికారమున్నచో రాత్రి భోజనానంతరము వేసికొనుడు. విరేచనము నల్లనగుట సహజము, భయపడవద్దు. సున్నపు మాత్రను దీనితో కలిపి ఒకేసారి మ్రింగవద్దు. కొడవలి కణ వ్యాధి గలవారు వైద్యుని అడిగియే వాడవలెను.

6. ఏదేని పొడిగాని, టానిక్కుగాని ఎవరైన అమ్మజూపినచో మూడు ప్రశ్నలు వేయుడు. నాకు ఏ లోపమున్నది? దీనిలో ఆ పదార్థము ఎంత యున్నది? దీనిని వాడినవారిని, వాడనివారిని పోల్చి చూచిరా? మూడింటికిని జవాబు రాకున్న డబ్బు జేబులోనే యుంచుకొనుడు.

గ్రామోద్యోగులకు ఒక మనవి. రైతు సేవా కేంద్రమునకు విత్తనము కొరకు, సచివాలయమునకు కాగితము కొరకు వచ్చు రైతును, ఇంటిలో గర్భిణులున్నారా, మాత్రలు వాడుచున్నారా యని ఒక్క మాట అడుగుడు. అది మన శాఖ పని కాదని తలచవద్దు. వెనుక మన తీరమున పసిబిడ్డలు పోయినది వైద్యుడు లేకకాదు, ధాన్యము లేకకాదు; తవుడులో ఏమున్నదో తెలియక. నేడు తెలిసియున్నది. తెలిసినది ఇంటికి చేరవలసియున్నది.

ఆ పెద్దాయనకు ఇదంతయు చెప్పలేదు. అంకెలు చూపి, మాత్ర రాత్రి అన్నము తిన్నాక వేయమంటిని. మూడు వారముల తరువాత జింకు వేసిన మడి చూడబోయినపుడు పైరు పచ్చబడియుండెను. డబ్బా సంగతి నేను అడుగలేదు, ఆయనే చెప్పెను: "మాత్తరలు మింగతంది బాబూ. వికారం తగ్గినాది. ఆ పొడి మా మనవడు తీపిగుందని సెంచాతో తినీసినాడు."